పుంటికూర అనీ రాయి, గోంగూర అనీ రాయి

ప్రశ్న: అక్కా, నాది హనుమకొండ. నాకు 41 ఏండ్లు. మిద్దెతోట పెట్టి ఏడేండ్లయితాంది. రెండేండ్ల కింద బ్లాగు మొదలువెట్టిన. 140 వ్యాసాలు రాసిన. రోజుకు అరవై మంది సూస్తే గొప్ప. ఫేస్‌బుక్ పేజీ, ఇన్‌స్టాగ్రామ్ కూడ ఉన్నయి గని ఆడ ఉన్నది మా సుట్టాలే. వాట్సాప్ గ్రూపు పెడితే రాత్రి పదింటికి తెల్వని మొగోళ్లు ఫోన్లు చేసుడు మొదలువెట్టిన్రు, తీసేసిన. తెలుగుల రాసుడే తప్పంటవా? మా అక్క బిడ్డ "రాసుడు బంద్ చేసి రీల్స్ చెయ్ చిన్నమ్మా" అంటాంది. ఒకాయన 3,500 రూపాయలిస్తే పదివేల మంది ఫాలోవర్లను తెస్తనన్నడు. మా ఆయనేమో "గింత రాస్తే ఏం ఫాయిదా" అంటడు. మొన్న మిర్చి చెట్ల ఆకులన్ని ముడుసుకపోతే ఎంత బుగులైందో, రాత్రంత నిద్ర పట్టలే. పొద్దుగాల లేచి ఒక్కొక్క ఆకు తిప్పి తిప్పి సూసిన. ఏం చెయ్యమంటవక్కా?
– వ., హనుమకొండ

జవాబు:

చెల్లీ, అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వనే అంటాను. నీ ఉత్తరం అందాక నీ బ్లాగు తెరుచుకుని ఒక మధ్యాహ్నమంతా కూర్చున్నాను. ముప్పై వ్యాసాల దాకా చదివాను. నీకు తోటపని బాగా వచ్చు. ఏడేళ్లు మట్టిలో చేతులు పెట్టినవాళ్లకు తప్ప తెలియని సంగతులు అందులో ఉన్నాయి. కుండీ అడుగు చిల్లు మీద కొబ్బరిపీచు పరిస్తే నీళ్లు దిగుతాయి, మట్టి మాత్రం కొట్టుకుపోదని ఒక చోట రాశావు. నేను ఆ సాయంత్రమే మా ఇంట్లో రెండు కుండీలకు అలా చేశాను. కాబట్టి సరుకు లేదేమోనన్న దిగులు పెట్టుకోకు.

మరి జనం ఎందుకు రావడం లేదు? నీ ఉత్తరాన్నీ నీ బ్లాగునూ పక్కపక్కన పెట్టి చదివితే నాకు తెలిసింది. ఉత్తరంలో "ఆకులన్ని ముడుసుకపోతే ఎంత బుగులైందో" అన్నావు. ఆ ఒక్క వాక్యంతో నీ మిద్దె మీదికి వచ్చేశాను. అదే సంగతి బ్లాగులో "మిరప నందు ఆకుముడత తెగులు ఆశించినచో తగు నివారణ చర్యలు చేపట్టవలెను" అయింది. దాని పేరు "నా తోట కబుర్లు – 37". ఉత్తరం రాసిన మనిషి వేరు, బ్లాగు రాసిన మనిషి వేరు అనిపించింది. రెండోది వ్యవసాయ శాఖ కరపత్రంలా ఉంది. కరపత్రానికి దాని పని దానికుంది. నీ దగ్గరికి వచ్చేవాళ్లు మాత్రం కరపత్రం కోసం రారు. రాత్రంతా నిద్ర పట్టక తెల్లారి ఆకులు తిప్పి చూసిన మనిషి కోసం వస్తారు.

నా మొదటి సలహా, అసలు సలహా ఇదే: ఎదుటి మనిషి ఏ మాటతో అడుగుతాడో ఆ మాటతో రాయి. మిగతావన్నీ దీని వెంట వచ్చేవే.

నా సంగతి చెబుతాను. 2007లో నేను బ్లాగు మొదలుపెట్టినప్పుడు లేఖిని అనే తెలుగు టైపింగ్ సైటులో టైపు చేసి, అక్కణ్ణుంచి కాపీ చేసి అతికించేదాన్ని. వంటలూ ఇంటి సంగతులూ రాసేదాన్ని. ఆవకాయ మీద ఎంతో ఇష్టంగా ఒక వ్యాసం రాసి "అమ్మమ్మ జాడీ" అని పేరు పెట్టాను. ఆ రోజుల్లో కూడలి, జల్లెడ, హారం, మాలిక లాంటి సంకలినులు ఉండేవి. కొత్త టపా వేస్తే వాటిలో కనిపించేది, తోటి బ్లాగర్లు వచ్చి చదివి వ్యాఖ్య రాసి వెళ్లేవాళ్లు. అందువల్ల పేరు ఎలా పెట్టినా నడిచింది. ఆ సందడి తగ్గాక "అమ్మమ్మ జాడీ" గడప తొక్కినవాళ్లు లేరు. కొన్నేళ్లకు పేరు మార్చాను: "ఆవకాయ మీద బూజు వచ్చింది, పారేయాలా?" వ్యాసంలో ఒక్క ముక్క మార్చలేదు. అప్పట్నుంచి ఏటా వానలు పడగానే, జాడీలో ముక్కల మీద నూనె తేలక బూజు కనిపించిన ఇల్లాళ్లందరూ దాని దగ్గరికి వస్తూనే ఉన్నారు.

నీ 37వ కబురుకు "మిర్చి చెట్టు ఆకులు ముడుచుకుపోతున్నాయి, ఏం చేయాలి?" అని పేరు పెట్టి చూడు. లోపల కూడా ఆ భయంతోనే మొదలుపెట్టు. తర్వాత నీకు తెలిసింది చెప్పు: ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగులు, కిందికి ముడుచుకుంటే నల్లి. ఈ తేడా నువ్వు వ్యాసం ఆఖర్లో ఎక్కడో ఒక పంక్తిలో రాశావు, అది మొదట్లో ఉండాల్సింది. వచ్చిన మనిషి చేతిలో ఆకు పట్టుకుని నిలబడి ఉంటుంది. ఆమెకు ముందు కావలసింది పైకా, కిందికా అన్నదే. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు అన్నది ఆ తర్వాత. నీ మొక్క ఎన్ని రోజులకు తేరుకుందో కూడా తేదీలతో రాయి. తేరుకోని మొక్క ఉంటే దాని సంగతీ రాయి. పోయిన మొక్క గురించి దాచకుండా రాసినవాళ్లు బతికిన మొక్క గురించి చెబితే జనం నమ్ముతారు.

ఇక పేర్ల సంగతి. మీ వైపు పుంటికూర, మా కృష్ణా జిల్లా వైపు గోంగూర. మీరు గోకరకాయ అనేది మాకు గోరుచిక్కుడు. సొరకాయను గోదావరి, విశాఖ వైపు ఆనపకాయ అంటారు, తెలంగాణలో చాలా ఊళ్లలో అనిగెపుకాయ. ఉల్లిగడ్డ అని మీరు రాస్తే రాయలసీమ మనిషి ఎర్రగడ్డ అని వెతుకుతాడు. నువ్వు మాత్రం పుస్తక భాషలో ఒకే పేరు పెట్టుకుని కూర్చున్నావు. నీ నోటికి వచ్చే పేరుతోనే మొదలుపెట్టు, మిగతా పేర్లు మొదటి పేరాలోనే ఒకసారి చెప్పు. "మా దిక్కు పుంటికూర అంటం, ఆంధ్ర దిక్కు గోంగూర" అన్న ఒక్క వాక్యం చాలు, రెండు దిక్కుల మనుషులూ వస్తారు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెరట్లో గోంగూర వేసుకోవాలని తాపత్రయపడేవాళ్లు కూడా వస్తారు. వాళ్లకు చలి పూర్తిగా వదిలాకే విత్తనం వేయమని ఒక మాట చేర్చు. తెలుగు రాష్ట్రాల్లో ఎవరికీ అక్కర్లేని ఆ వాక్యం వాళ్లకు ప్రాణం.

చాలామంది తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి వెతుకుతారన్నది కూడా మనసులో పెట్టుకో. ఇక్కడ నీ బ్లాగులో ఒక సాంకేతిక లోపం ఉంది. నువ్వు వాడే గూగుల్ వాళ్ల బ్లాగర్‌లో శీర్షిక తెలుగులో పెడితే లింకు చిరునామా "బ్లాగ్-పోస్ట్" అని, దాని పక్కన ఏదో అంకెతో తయారవుతుంది. నీ 140 వ్యాసాలకూ అలాగే ఉంది. ప్రచురించే ముందు కుడివైపు పెర్మాలింక్ అనే చోట "కస్టమ్" ఎంచుకుని "మిర్చి ఆకు ముడత" అన్నదాన్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాయి. పాతవాటికి చిరునామా మార్చకు, ఎవరైనా ఎక్కడైనా పంచుకున్న లింకులు తెగిపోతాయి. వాటికి శీర్షికలు మారిస్తే చాలు. ఇంకోటి, నీ మొదటి ఇరవై వ్యాసాలు అను ఫాంటులో డీటీపీ చేయించి బొమ్మలుగా పెట్టావు. చూడ్డానికి అందంగానే ఉన్నాయి కానీ గూగుల్‌కు అందులో అక్షరం ఉందని తెలియదు. ఓపిక చేసుకుని యూనికోడ్‌లో, అంటే ఫోనులో కొట్టే మామూలు తెలుగు అక్షరాల్లో, మళ్లీ టైపు చెయ్యి. రోజుకొకటి చేసినా నెలలోపు అయిపోతుంది. గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో బ్లాగును చేర్చు, డబ్బేమీ అక్కర్లేదు. జనం ఏ మాటలు కొట్టి నీ దాకా వస్తున్నారో అందులో కనిపిస్తుంది. రోజుకు ఎంతమంది చూశారన్న లెక్క కంటే ఆ మాటల జాబితా నీకు వందరెట్లు పనికొస్తుంది. అందులోనే నీ తర్వాతి పది వ్యాసాలు ఉంటాయి.

తెలుగులో రాయడమే తప్పా అని అడిగావు. ఈ మాట మనసులోంచి పూర్తిగా తీసెయ్యి. గుంటూరు జిల్లా గుడివాడ ఊరి మస్తానమ్మ గారు నూరేళ్లు దాటిన వయసులో పొలం గట్టున కట్టెల పొయ్యి పెట్టి, తెలుగులోనే మాట్లాడుతూ వండారు. 2018 డిసెంబరులో ఆమె పోయేనాటికి, ఆ వంటలు చూపించిన కంట్రీ ఫుడ్స్ యూట్యూబ్ ఛానల్‌ చందాదారులు పది లక్షలు దాటారు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైన మై విలేజ్ షో యూట్యూబ్ ఛానల్ సంగతి నీకు నేను చెప్పాలా! గంగవ్వ మీ యాసను ఒక్క అక్షరం మార్చుకోలేదు. మార్చుకుని ఉంటే ఆమెను అంతమంది అవ్వా అని పిలిచేవాళ్లు కాదు. మిద్దెతోటల విషయమే తీసుకో, కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు తన మేడ మీది తోట గురించి ఫేస్‌బుక్‌లో తెలుగులో రాస్తూనే ఎంతోమందిని ఆ దారి పట్టించారు. భాష అడ్డం కాలేదు. నీకు అడ్డమైంది తెలుగు కాదు, "నందు", "చేపట్టవలెను" అన్న తెలుగు.

రీల్స్ చెయ్యి. మీ అక్క కూతురు చెప్పిన దాంట్లో సగం సరైనదే. కానీ రాయడం ఆపి కాదు. రీలులో ఒకే ఒక్క పని చూపించు. ఒక తెల్లకాగితం తీసుకో, ముడుచుకున్న మిర్చి రెమ్మను దాని మీద రెండుసార్లు తట్టు, ఫోను దగ్గరగా పెట్టు. కాగితం మీద సన్నటి గీతల్లాంటి పురుగులు కదులుతాయి. ముప్పై సెకన్లు చాలు. పాట అక్కర్లేదు, నీ గొంతు చాలు: "గిదిగో, గీ పురుగే మన మిర్చిని పాడు చేసేది." మందు ఎలా కలపాలి, ఎన్నిసార్లు కొట్టాలి అన్న వివరమంతా బ్లాగులో ఉందని చెప్పు. రీలు తిరునాళ్లలో పిలుపు లాంటిది. విన్నవాళ్లు కూర్చుని మాట్లాడుకోవడానికి ఇంట్లో పీట ఉండాలి కదా, ఆ పీట బ్లాగు. ఫేస్‌బుక్‌లో వట్టి లింకు పడేసి ఊరుకుంటే ఎవరూ నొక్కరు. అసలు చిట్కాను అక్కడే పూర్తిగా చెప్పేసి, ఫొటోలూ మిగతా వివరాలూ కావాలంటే రమ్మను. చిట్కా ఉచితంగా ఇచ్చేస్తే ఇంక ఎవరొస్తారని భయపడకు. ఇచ్చే చేతి దగ్గరికే మళ్లీ వస్తారు.

బ్లాగు మానొద్దని ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఇన్నేళ్లలో కళ్లముందే కూలిన పందిళ్లు చాలా చూశాను. ఆర్కుట్ 2014లో మూసేశారు. 2013 జూలైలో, బ్లాగుల కొత్త టపాలన్నీ ఒకచోట చూపించే గూగుల్ రీడర్ పోయిన వారం నా చదువరుల్లో సగం మంది ఎటు వెళ్లారో తెలియలేదు. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో పోయింది. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు లక్షల్లో అభిమానులున్న మన తెలుగు పిల్లలు తెల్లారేసరికి సున్నా దగ్గర నిలబడ్డారు. కష్టపడి మళ్లీ వేరే చోట మొదలుపెట్టినవాళ్లూ ఉన్నారు, అక్కడితో ఆగిపోయినవాళ్లూ ఉన్నారు. ఎవరి స్థలంలోనో పందిరి వేసుకోవచ్చు, కానీ విత్తనాలు మన ఇంట్లో దాచుకోవాలి. బ్లాగర్ కూడా ఒక కంపెనీదే కాబట్టి మూడు నెలలకోసారి సెట్టింగ్స్‌లోకి వెళ్లి బ్యాకప్ దించుకుని పెట్టుకో. నేను ఒకప్పుడు సొంత డొమైనూ (సైటు చిరునామా), రాతలు ఉండే సర్వరులో చోటూ కొనుక్కుని, మా అమ్మ ఆసుపత్రిలో ఉన్న నెలలో రెన్యూ చేయడం మరిచిపోయాను. బ్యాకప్ లేదు. రెండేళ్ల రాతలు పోయాయి. వాటిలో అమ్మ చెప్పగా రాసుకున్నవి పదకొండు ఉన్నాయి. ఇప్పుడు అడిగి రాసుకుందామన్నా అమ్మ లేదు.

ఆ 3,500 రూపాయలు ఎవరికీ ఇవ్వొద్దు. కొనుక్కున్న పదివేల మందిలో ఒక్కరికి కూడా మిర్చి చెట్టు ఉండదు. నువ్వు పెట్టింది చూడరు, అడగరు, ఇంకొకరికి పంపరు. పదివేల మందిలో ముగ్గురే స్పందించే పేజీని ఆ యాప్ కూడా పక్కకు నెడుతుంది. పైగా ఇలా కొనడం ఇన్‌స్టాగ్రామ్, యూట్యూబ్ నిబంధనలకు విరుద్ధం, దొంగ ఖాతాలను వాళ్లు అప్పుడప్పుడు ఊడ్చేస్తుంటారు కూడా. ఆ డబ్బుతో ఫోనుకు మంచి స్టాండు, కాలరుకు పెట్టుకునే చిన్న మైకు కొనుక్కో. మైకు లేకపోతే మిద్దె మీద గాలి హోరులో నీ గొంతు సరిగా వినబడదు.

చదివేవాళ్లను తెచ్చుకునే దారి ఇంకొకటి ఉంది, నిదానమైనదే కానీ గట్టిది. ఫేస్‌బుక్‌లో తెలుగు మిద్దెతోటల గుంపులు చాలా ఉన్నాయి. ఏదైనా ఒకదాంట్లో చేరి మూడు నెలలపాటు రోజుకు రెండు ప్రశ్నలకు జవాబు చెప్పు. నీ లింకు పెట్టకు. నీ పేరు చూడగానే "ఈవిడకు తెలుసు" అనుకునే మనుషులు ఏర్పడతారు. తర్వాత వాళ్లే నీ బ్లాగు అడిగి తీసుకుంటారు. అక్కడ వచ్చిన ప్రతి ప్రశ్ననూ, అడిగినవాళ్ల మాటల్లోనే, ఒక నోటుపుస్తకంలో రాసుకో. "బీర పిందెలు రాలిపోతున్నయి", "పిండినల్లి బెండను వదలడం లేదు", "కోతులొస్తున్నాయి ఏం చేయాలి" ఇలా ఒక్కో ప్రశ్నా ఒక్కో శీర్షిక. నీ బ్లాగులో ఎనిమిది వ్యాఖ్యలకు జవాబు లేకుండా ఉంది. ఒకామె కరివేపాకు మొక్క గురించి మార్చిలో అడిగింది. ముందు వాటికి జవాబు రాయి, ఆలస్యమైనందుకు ఒక మాట చెప్పి.

వాట్సాప్ గ్రూపు తీసేసి మంచి పని చేశావు. గ్రూపులో నీ నంబరు అందరికీ కనబడుతుంది. దాని బదులు ఛానల్ పెట్టుకో. అందులో చేరినవాళ్లకు నీ నంబరు తెలియదు, వాళ్ల నంబర్లూ ఒకరికొకరు కనబడవు. వారానికి ఒక్క సందేశం చాలు.

ఎప్పుడు ఏం రాయాలన్నదానికి మన పంచాంగం కంటే మంచి పట్టిక లేదు. జూన్ మొదటి వారం దాటాక మృగశిర కార్తె వస్తుంది, తీగజాతి విత్తనాల వ్యాసం రోహిణిలోనే సిద్ధంగా ఉండాలి. చినుకు పడ్డాక రాస్తే ఆలస్యం. కార్తీకానికి ముందు ఉసిరి, తులసి. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం చేసి, చిక్కుడాకుల్లో పాయసం పెట్టి సూర్యుడికి నివేదన చేస్తాం కదా, ఆ వారం పట్టణాల్లో చిక్కుడాకుల కోసం వెతకని ఇల్లు ఉండదు. కుండీలో చిక్కుడు ఎలా పెంచాలో, జూన్‌లో విత్తితే మాఘానికి ఆకూ కాయా ఎలా అందుతాయో ఒక వ్యాసం రాయి. ఏటా పనికొస్తుంది. మొదటి అయిదు నెలల్లో తొంభై వ్యాసాలు రాసి, తర్వాత ఏడాదిన్నరలో యాభై రాశావు. అలా కాకుండా వారానికి ఒకటి, ఒకే రోజున. బేస్తవారం అనుకుంటే బేస్తవారమే.

మీ ఆయన అడిగిన ఫాయిదా సంగతి. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు, ఇంట్లో నీ సమయం కూడా ఖర్చే. 2018 నుంచి గూగుల్ యాడ్‌సెన్స్ తెలుగు బ్లాగులకూ ప్రకటనలు ఇస్తోంది, కానీ రోజుకు అరవై మందితో వచ్చేది టీ ఖర్చుకు కూడా చాలదు. యూట్యూబ్‌లో ప్రకటనల వాటా రావాలంటే వెయ్యిమంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి, లేదా 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వీక్షణలు. మొదటి రెండేళ్లు డబ్బు లెక్క వేసుకోకు. మీ ఊళ్లో ఆదివారం పూట పదిమందికి కుండీలు నింపడం నేర్పి రుసుము తీసుకోవడం అంతకంటే ముందే కుదురుతుంది. విత్తనాలు అమ్మే ఆలోచన ఉంటే లైసెన్సు కావాలి, తోటి తోటవాళ్లతో మార్చుకోవడం వేరు. ఎవరైనా కంపెనీవాళ్లు ఎరువు సంచి ఉచితంగా పంపి మంచిగా చెప్పమంటే, అది ఉచితంగా వచ్చిందని మొదటి వాక్యంలోనే చెప్పు. చట్టం కూడా అదే అడుగుతోంది. పనిచేయని మందును పనిచేసిందని చెబితే మాత్రం, నిన్ను నమ్మి ఒకావిడ తన పన్నెండు కుండీలనూ పోగొట్టుకుంటుంది. అంత నష్టం ఏ ఎరువు సంచీ పూడ్చలేదు.

ఈ వారం చేయాల్సింది మూడే పనులు: ఎనిమిది వ్యాఖ్యలకు జవాబులు, పది పాత శీర్షికల మార్పు, తెల్లకాగితం రీలు. రాసేటప్పుడు బ్లాగు తెరిచి కూర్చోకు. "అక్కా" అని మొదలుపెట్టి నాకు ఉత్తరం రాస్తున్నట్టే రాసి, తర్వాత ఆ పిలుపు తీసెయ్యి.

చిక్కుడు వ్యాసం రాశాక లింకు పంపించు. మా డాబా మీద పందిరి చిక్కుడు ఆకులకు వారం రోజులుగా పసుపు మచ్చలు పడుతున్నాయి, పూత కూడా నిలవడం లేదు. ఏం చేయాలో అందులో రాయి చెల్లీ, నేను అదే మాట కొట్టి వెతుకుతాను.